గునుగు పువ్వుకు రంగు అద్దినట్టే

సెప్టెంబర్ 9, మంగళవారం

…అందుకే నిన్న రాసిన పేజీ చింపేశాను. అందులో ఒక అబద్ధం ఉంది. పోయిన బుధవారం ఆసుపత్రిలో నర్సు తొందరపెట్టింది అని రాశాను. నర్సు తొందరపెట్టలేదు. నా పక్కన కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. "నిదానంగ సదువమ్మా, సారు ఇంకా రాలే" అని కూడా అంది.

నాలుగు పేజీలు. అది బాపు నడుము పరీక్షకి ముందు సంతకం పెట్టాల్సిన ఫారం. మొదటి పేజీలో బాపు పేరు, వయసు, షామీర్‌పేట అడ్రస్. అవి గట్టిగా చదివాను. రెండో పేజీ నుంచి అక్షరాలన్నీ వచ్చినవే, మాటలు మాత్రం రాలేదు. తలెత్తితే బాపు నన్నే చూస్తున్నాడు. ఎదురు బెంచీ మీద ఇంకో పేషెంటు, వాళ్ల ఇంటివాళ్లు. వాళ్లకి బాపు అప్పటికే చెప్పేశాడు, "మా వర్ష ఎల్కేజీసంది ఇంగ్లిష్ మీడియమే. మా వాడకట్టుల ఏ కాయిదమొచ్చినా ఈమెనే సదువుతది" అని.

పేజీలు తిప్పాను. తిప్పేటప్పుడు పెదాలు కదిపాను.

"ఏమున్నది బిడ్డా?"

"ఏం లేదు బాపు. సారు జెప్పిందే. నడుములో మూడు డిస్కులల్ల రంగు మందు ఎక్కిస్తరంట. ఏ డిస్కు నొప్పి చేస్తాందో మిషిన్ల కనవడనీకె. గునుగు పువ్వుకు రంగు అద్దినట్టే."

"గంతేనా?"

"గంతే."

బాపు సంతకం పెట్టాడు. దాని కింద ఇంకో గీత ఉంది. పేషెంటుకు తెలిసిన భాషలో ఇదంతా చదివి, అర్థమయ్యేలా వివరించినవారి సంతకం. నాలుగు పేజీల్లో ఆ ఒక్క వాక్యం పూర్తిగా అర్థమైంది. పెట్టాను. పక్కన వయసు అడిగారు. పద్దెనిమిది అని రాశాను.

నాకు పదహారు.

సెప్టెంబర్ 10, బుధవారం

బాపు నడుము ముందే పాడైంది. పోయిన ఎండాకాలం చేపల ఐసు డబ్బా ఎత్తుతుంటే పట్టేసింది. పరీక్ష వల్ల కాదు.

సెప్టెంబర్ 12, శుక్రవారం

పరీక్ష అయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. నాలుగైదు రోజులు నొప్పి ఉంటుంది, తర్వాత తగ్గుతుంది అన్నారు.

పరీక్షకి ముందు బాపు నడిచేవాడు. వంగలేకపోయేవాడు, ఎక్కువసేపు కూర్చోలేకపోయేవాడు, కానీ పొద్దున లేచి చెరువు కట్ట దాకా వెళ్లి, వల ఎవరు వేశారు, బొచ్చె చేపలు ఎన్ని పడ్డాయి చూసి వచ్చేవాడు. వారానికి రెండుసార్లయినా తెప్ప మీద వెళ్లేవాడు, బాపుతో కలిసి చేపలు పట్టే ఇస్తారి కాక తెడ్డు వేస్తే. ఇప్పుడు బాత్రూం దాకా గోడ పట్టుకుని వెళ్తున్నాడు. చెప్పులు కాలితో వెతుక్కుంటాడు, కిందికి చూడడు.

అవ్వ పొద్దున నూనె వేడిచేసి రాసింది. "ఏం సూదులో ఏమో. పోంగ మంచిగ పోయిండు, రాంగ ముసలోడై వచ్చిండు" అంది.

"సూదికి గట్లనే ఉంటదే. తగ్గుతది తియ్" అన్నాడు బాపు.

నేను జడ వేసుకుంటున్నాను. వేసిన జడ విప్పి మళ్లీ వేసుకున్నాను.

ఇది ఇంగ్లిష్‌లో రాయాలనుకున్నాను. ఇంగ్లిష్‌లో రాస్తే ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. రెండు లైన్లు రాసి చూశాను, నాకు కూడా అర్థం కాలేదు. అందుకే తెలుగు. జువాలజీ రికార్డుకి వేసిన అట్ట లోపల పెడుతున్నాను. రికార్డు ఎవరూ తెరవరు. అమ్మ దాన్ని రోజూ ఓసారి తుడిచి, దేవుడి పటం పక్కన పెడుతుంది.

సెప్టెంబర్ 14, ఆదివారం

ఆసుపత్రి వాళ్లు ఆ ఫారం జిరాక్స్ ఒకటి మనకిచ్చారు కదా. అది బీరువాలో, రేషన్ కార్డు కవర్‌లో ఉంది. ఇవాళ అమ్మ, అవ్వ మేడ్చల్ అంగడికి వెళ్లారు. బాపు బయట మంచం మీద పడుకున్నాడు. తీశాను. అమ్మ ఫోన్ కూడా నా దగ్గరే ఉంది, కాలేజీ నోట్స్ అని చెప్పి ఉంచుకున్నాను.

ఒక్కో మాట టైప్ చేసి చూశాను. మూడు గంటలు పట్టింది.

మూడో పేజీ, పైనుంచి ఆరో లైను. అది ఇలా ఉంది. నాకు చేతనైనంత తెలుగులో:

ఈ రంగు మందు వల్లగానీ, సూది గుచ్చడం వల్లగానీ డిస్కులోని కణాలకు హాని కలగవచ్చు. ఉన్న అరుగుదల ఇంకా త్వరగా పెరగవచ్చు.

రాసి ఉంది. వాళ్లు దాచలేదు. ఎవ్వరూ దాచలేదు. పెద్ద అక్షరాల్లోనే ఉంది, ఆరో లైను.

తర్వాత ఇంకా వెతికాను. వెతకకుండా ఉండాల్సింది. డిస్కు కణాలను గాజు పళ్లాల్లో పెంచి, వాటి మీద ఈ రంగు మందులు పోసి చూశారట. మందు ఎంత చిక్కగా ఉంటే, ఎంత ఎక్కువసేపు ఉంటే అంత ఎక్కువ కణాలు పోయాయట. అదంతా పళ్లెంలో. మనిషి నడుములో కూడా అలాగే అవుతుందా అంటే గట్టిగా చెప్పలేం అని చివర్లో రాశారు. ఇంకో దాంట్లో ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లని చాలా ఏళ్ల తర్వాత మళ్లీ చూశారట. సూది గుచ్చిన డిస్కులు ఎక్కువ పాడయ్యాయట. సూది వల్లో మందు వల్లో విడదీయలేమట.

అంటే తెలీదనే కదా. తెలీదు అన్నప్పుడు కాకపోవచ్చు కూడా.

ఫోన్లో వెతికినవన్నీ తుడిచేశాను.

సెప్టెంబర్ 15, సోమవారం

బాపు నడుము ముందే పాడైంది.

సెప్టెంబర్ 16, మంగళవారం

అమ్మ తుర్కపల్లి దగ్గర మందుల కంపెనీలో గాజు సామాను కడుగుతుంది. నాలుగేళ్లుగా వెళ్తోంది, నేను ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఇవాళ చిక్కుడుకాయ తుంచుతూ అడిగాను.

"అమ్మా, మీ ల్యాబుల కణాలు పెంచుతరా?"

"పెంచకేంది. సీసాలల్ల పెంచుతరు. ఎర్ర నీళ్లు పోస్తరు, గదే వాటికి తిండి. రెండు దినాలకు నీళ్లు పసుపైతయి. అప్పుడు జల్దీ మార్చాలె, లేకుంటే సస్తయి."

"సచ్చినయని ఎట్ల తెలుస్తది? కంటికి కనవడయి గద."

అమ్మకి సంతోషమైంది. అమ్మని నేను చదువు సంగతి అడగడం ఇదే మొదటిసారి. చిక్కుడుకాయ పక్కన పెట్టింది.

"నాకు మా ల్యాబు సుచిత్ర మేడం సూపిచ్చింది ఒకపారి. 'సరళా, ఇటు రా, జర మిషిన్ల కన్ను పెట్టి సూడు' అన్నది. నీలం సుక్క ఏస్తరు. బతికున్నది ఆ రంగును లోపటికి రానియ్యదంట. సచ్చినదాన్ల నీలం జొరవడ్తది. తెల్లగ మెరిసేటియి బతికినయి, నీలమైనయి పోయినయి. లెక్కవెడ్తరు."

"ఎన్ని పోయినయమ్మా, నువ్వు చూసినప్పుడు?"

"నాకేమెర్క. శానా మెరుస్తుండె." నా మొహం చూసి, "గట్లయితున్నవేంది? ఆకలైతాందా?" అంది.

లేదు అన్నాను.

సెప్టెంబర్ 18, గురువారం

మేడ్చల్ వెళ్లాం, డాక్టర్ దగ్గరికి. ఆటోలో బాపు ఒక పక్కకి ఒరిగి, కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు. హైవే దాటేటప్పుడు గుంటలో పడితే కళ్లు మూసుకున్నాడు. "మస్తు గాలి వస్తాంది బిడ్డా" అన్నాడు.

డాక్టర్ చిన్నవాడే. మెల్లగా మాట్లాడతాడు. కోపం తెచ్చుకుందామంటే కూడా వీలు కాదు. "కొందరికి ఇలా ఉంటుంది. పరీక్షలో మధ్య డిస్కే నొప్పికి మూలం అని తెలిసింది కదా. ఇప్పుడు దాంట్లోకి నీలం మందు ఎక్కిద్దాం. నొప్పి చెప్పే నరాలు మొద్దుబారతాయి. కొందరికి బాగా పనిచేస్తుంది, కొందరికి చేయదు. నిర్ణయం మీది" అన్నాడు. దసరా అయ్యాక, అక్టోబర్ ఆరు.

నీలం మందు. పళ్లాల్లో పోసి చూసిన వాటిలో దాని పేరు కూడా ఉంది. నాకు ఆ పేరు గుర్తుంది.

అడగాలని నోరు తెరిచాను. "సార్" అన్నాను.

డాక్టర్ నా వైపు తిరిగి నవ్వాడు. "ఏం చదువుతున్నావమ్మా?"

"బైపీసీ సార్. ఫస్టియర్."

"గుడ్. డాక్టర్ అవుతావా?"

"అవుతది సార్" అన్నాడు బాపు. "పోయినసారి మీ కాయిదాలు మొత్తం ఈమెనే సదివింది. అంత ఇంగ్లిషే."

"అవునా? వెరీ గుడ్. ఆ ఫారం పెద్దవాళ్లకే అర్థం కాదు."

నేను ఫైలు తీసుకుని లేచాను.

బయటికి వచ్చాక నర్సు, "నీలం మందు ఎక్కించినంక రెండు దినాలు మూత్రం నీలంగ, పచ్చగ వస్తది, పరేషాన్ గాకున్రి" అంది. బాపు దారంతా నవ్వుకుంటూనే ఉన్నాడు. ఇంటికి రాగానే ఇస్తారి కాకకి ఫోన్ చేసి చెప్పాడు. అవతల కాక ఏమన్నాడో గానీ, బాపు నవ్వబోయి నడుము పట్టుకున్నాడు.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు తక్కువ దొరికింది, గునుగు మాత్రం బస్తాడు తెచ్చింది అవ్వ. రంగులు ఎప్పుడూ నేనే కలుపుతాను. గిన్నెలో వేడినీళ్లు, గులాబీ పొడి. ఇంకో గిన్నెలో నీలం.

గునుగు కట్ట పట్టుకుని నీలంలో ముంచాను. తెల్లటి కొసలు ఒక్కసారిగా తాగేశాయి. చేతిలో కట్ట అలాగే పట్టుకుని కూర్చున్నాను.

గునుగు పువ్వును కోసినాక అద్దుతాం. అది అప్పటికే చెట్టు మీద లేదు. దానికి ఏమైనా ఒకటే. బాపుతో ఆ మాట అన్నప్పుడు ఇది తోచలేదు. బాపు నడుము కోసిన పువ్వు కాదు.

"ఏందే, ముంచి తియ్యవైతివి. కాడ మెత్తవడ్తది, నిలవడదు" అంది అవ్వ.

కట్ట గిన్నె పక్కన పెట్టేశాను. అవ్వ గిన్నెలు లాక్కుని తనే అద్దింది. గులాబీ గునుగు, నీలం గునుగు వరసలు పేర్చింది. అందరూ ఆడారు. నేను కూడా ఆడాను. బాపు గడప దగ్గర కుర్చీలో దిండు పెట్టుకుని కూర్చుని చూశాడు. నాలుగు నిమిషాలు. తర్వాత లోపలికి వెళ్లి పడుకున్నాడు.

చేతికి అంటిన నీలం పోవడం లేదు. గోళ్ల చుట్టూ ఉంది.

సెప్టెంబర్ 23, మంగళవారం

సుచిత్ర మేడానికి చిట్టీ రాశాను. ఇంగ్లిష్‌లోనే. బయాలజీ ప్రాజెక్ట్ అని రాశాను. డిస్కు కణాలకి రంగు మందులు హాని చేస్తాయా, ఒకసారి ఎక్కించాక మళ్లీ ఎక్కిస్తే ఏమవుతుంది, అప్పటికే పోయిన కణాలు తిరిగి వస్తాయా.

మూడో ప్రశ్న కొట్టేశాను. మళ్లీ రాశాను.

అమ్మ ఆ చిట్టీని నాలుగు మడతలు పెట్టి, టిఫిన్ సంచిలో వేసుకుంది. "మా మేడం నీ ఇంగ్లిష్ సూస్తే ఖుషైతది" అంది.

సెప్టెంబర్ 25, గురువారం

జవాబు వచ్చింది. మేడం తెలుగులో రాసింది. ఇక్కడ మళ్లీ రాసుకుంటున్నాను. అసలు కాగితం చింపేయాలి.

"వర్షా, మంచి ప్రశ్నలు. పళ్లెంలో పెంచిన కణాలకి చాలా రంగు మందులు హాని చేస్తాయి, నిజమే. ఎంత చిక్కదనం, ఎంతసేపు అన్నదాన్ని బట్టి ఉంటుంది. కానీ పళ్లెంలో కణానికి పారిపోయే చోటు లేదు. శరీరంలో మందు కొంతసేపటికి పలచబడి వెళ్లిపోతుంది. డిస్కులో రక్తనాళాలు దాదాపు ఉండవు కాబట్టి అక్కడ నెమ్మదిగా పోతుంది. అక్కడి కణాలు పోతే తిరిగి రావడం కూడా కష్టమే. ఒక మనిషికి నొప్పి పెరిగితే అది మందు వల్లా, సూది వల్లా, పాత జబ్బు ముదిరా అన్నది నేను చెప్పలేను. ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు.

ఇది ప్రాజెక్ట్ అయితే ఇంత చాలు. ఇంట్లో ఎవరికోసమైనా అయితే, వాళ్లు డాక్టర్‌ని రెండు మాటలు అడగాలి. ఎంత మందు, ఎంత చిక్కగా? చేయించుకోకపోతే వేరే దారి ఏముంది? అడిగితే ఏ డాక్టరూ కోప్పడడు. కోప్పడితే వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లవచ్చు."

"ఏం రాసింది?" అని అమ్మ అడిగింది. అమ్మకి బస్సు బోర్డుల వరకే చదువు వచ్చు.

"ప్రాజెక్టు మంచిగుంది అన్నది."

"నేను జెప్పలే?" అంది అమ్మ.

సెప్టెంబర్ 26, శుక్రవారం

ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. ఎవరూ.

సెప్టెంబర్ 27, శనివారం

ఆరో తారీఖు వద్దు అని చెప్పాలంటే ఎందుకు వద్దో చెప్పాలి. ఎందుకు వద్దో చెప్పాలంటే మొదటిసారి ఏం చేశానో చెప్పాలి. ఏదో ఒక వంక చెప్పి ఆపవచ్చు. పరీక్షలున్నాయి, నేను రాలేను అంటే? అప్పుడు వేరే ఎవరితోనో చదివిస్తారు. వాళ్లు బాగా చదివితే మూడో పేజీ ఆరో లైను వస్తుంది. పోయినసారి నువ్వు ఇది చెప్పలేదేంది అంటాడు బాపు.

అనడు. చూస్తాడంతే.

వయసు తప్పు రాసినందుకు పోలీసులు వస్తారా?

సెప్టెంబర్ 30, మంగళవారం

చెరువులోకి చేప పిల్లలు వదిలారు. చేపల సంఘం వాళ్లంతా వచ్చారు. బాపుని ఇస్తారి కాక బండి మీద కాకుండా ఆటోలో తీసుకెళ్లాడు, నేను కూడా వెళ్లాను. సంఘంలో బాపు కంటే బాగా ఈ పని తెలిసినవాళ్లు లేరు. ప్రతి ఏడాది చేప పిల్లల్ని మందులో ముంచేది బాపే. గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో వస్తాయవి, వేల కొద్దీ. చెరువులో వదిలే ముందు ఊదారంగు మందు కలిపిన నీళ్లలో ఓసారి ముంచి తీస్తారు, పుండ్లూ బూజూ రాకుండా.

ఈసారి బాపు కుర్చీలో కూర్చున్నాడు. కాక ముంచాడు.

"ఎంత కలిపినవ్ ఇస్తారీ?"

"నువ్వు జెప్పినంతనే."

"సూపియ్." చెంబుతో తెచ్చి చూపించాడు. బాపు వెలుతురుకి పెట్టి చూశాడు. "చిక్కగైంది. ఇంకో బిందె నీళ్లు పొయ్యి."

"అన్నా, నీ కండ్లకు గట్ల కనవడ్తాంది. నడుము నొప్పి కండ్లకెక్కింది నీకు."

"పొయ్యి ముందుగాల. పోయినేడు పక్కూరి సంఘపోళ్లది ఏమైంది? పొద్దుగాల ముంచిన్రు, మాపటికి తెల్లగ తేలినయి. మందు మంచిదే. ఎక్కువైతే గదే మందు సంపుతది. లెక్కవెట్టు. వంద అనంగనే తియ్యాలె. ముచ్చట్లు పెట్టుకుంట నిలవడొద్దు."

కాక చేప పిల్లల్ని జాలీ వలలో పెట్టి ముంచాడు. బాపు లెక్కపెట్టాడు, గట్టిగా. ఒకటి, రెండు. నేను కూడా లోపల లెక్కపెట్టాను. వంద అనగానే కాక ఎత్తాడు, చెరువులోకి వదిలాడు. అన్నీ ఒక్కసారిగా మెరిసి లోపలికి వెళ్లిపోయాయి.

ఎంత చిక్కగా, ఎంతసేపు. మేడం రాసింది, ఫోన్లో ఉన్నది, నేను మూడు గంటలు కష్టపడి చదివింది, బాపుకి మొత్తం తెలుసు. ఆ రోజు నేను ఆరో లైను చదివి వినిపించి ఉంటే నాకంటే ముందు అర్థం చేసుకునేవాడు. ఎంత కలిపినవ్ సారూ, ఎంతసేపు ఉంచుతవ్ అని అడిగేవాడు.

నేను అడగనివ్వలేదు.

అక్టోబర్ 2, గురువారం

దసరా. జమ్మి ఆకు తెచ్చి అందరి చేతిలో పెట్టారు. బాపు పాదాలకి మొక్కాను. ఎప్పుడూ వంగి భుజం పట్టి లేపేవాడు. ఇవాళ వంగలేదు. తల మీద చెయ్యి పెట్టాడు.

"మంచిగ సదువు బిడ్డా."

అక్టోబర్ 3, శుక్రవారం

ఇది రాయకూడదు. రాయకపోతే నిజం కాదనుకుంటానేమో, అందుకని రాస్తున్నాను.

మధ్యాహ్నం కాక వచ్చాడు. బయట రేకుల కింద మంచం మీద బాపు, కింద గోనెపట్టా మీద కాక. తెగిన వల అల్లుతున్నాడు. నేను లోపల కిటికీ దగ్గర బట్టలు మడతపెడుతున్నాను. నేను నిద్రపోతున్నానని అనుకున్నారు.

"మల్ల పోతున్నవా అన్నా, ఆ సూదికి?"

"సోమారం. పోవాలె. డాక్టరు మంచోడే ఉన్నడు."

"మొదటి సూదికే గిట్లయితివి. గా కాయిదంల ఏం రాసిండ్రో మంచిగ అడిగినవా?"

"వర్ష సదివింది గద."

"ఏమని సదివింది?"

బాపు నవ్వాడు. నొప్పి రాకుండా ముక్కుతో నవ్వే నవ్వు, ఈ మధ్యే నేర్చుకున్నాడు. "నాలుగు పేజీలు. నేను నాలుగు బుక్కలు తిన్నంత సేపు గూడ పట్టలే ఆమెకు. నాకు తెల్వదా ఇస్తారీ? చిన్నప్పటిసంది సూస్తున్న. రాని మాట వస్తే ఎడమ చేతికి చున్నీ కొస సుట్టుకుంటది. ఆ దినం మొత్తం సుట్టేసుకున్నది, మోచేతి దాంక."

కాక అల్లడం ఆపాడు. "మరి సంతకమెట్ల పెట్టినవ్?"

"ఎదురుంగ మనుషులున్నరు. నర్సమ్మ పక్కనే ఉన్నది. నేనే జెప్పుకుంటి, మా బిడ్డ ఇంగ్లిష్ మీడియమని. ఇంకోపారి సదువు అంటే పిల్ల మొఖం ఏం గావాలె? పెట్టిన."

"నీకు దిమాక్ ఉన్నదా అన్నా? అది నడుము."

"నా నడుమే గద."

కాక మళ్లీ అల్లడం మొదలుపెట్టాడు. తర్వాత, "సోమారం గూడ గట్లనే పెడ్తవా?" అన్నాడు.

"ఆమె సదువుతది. ఆమె ఏం జెప్తే గది."

మడతపెట్టిన బట్టలన్నీ విప్పి మళ్లీ మడతపెట్టాను.

అక్టోబర్ 4, శనివారం

రక్తపరీక్ష కోసం బాపు, అమ్మ మేడ్చల్ వెళ్లి వచ్చారు. కొత్త ఫారం ఇచ్చి పంపారట, ఇంట్లో చదివించి సోమవారం సంతకంతో తెమ్మన్నారట. నీలం మందుది. బాపు దిండు కింద పెట్టుకున్నాడు. నన్ను ఇంకా అడగలేదు. నేను కూడా అడగలేదు. దిండు అంచు నుంచి తెల్లగా కనిపిస్తోంది.

అవ్వ అన్నం తింటూ, "ఏందే, బాపూ బిడ్డలు ఇద్దరు మూగోళ్లైండ్రు?" అంది.

అక్టోబర్ 5, ఆదివారం

రేపు తొమ్మిదింటికి.

పొద్దుటి నుంచి పాత ఫారం మొత్తం తెలుగులో రాశాను. విడి కాగితాల మీద, పెద్ద అక్షరాలతో. ఆరో లైను కూడా. తెలియని మాటల దగ్గర ఖాళీ వదిలాను. ఖాళీలు చాలానే ఉన్నాయి. చింపేసిన మేడం చిట్టీని కూడా, ఇక్కడ రాసుకున్నది చూసి కింద రాశాను, ఆ రెండు ప్రశ్నలు.

రేపు ఆటోలో చెప్తాను అనుకున్నాను. ఆటోలో చప్పుడుగా ఉంటుంది, మొహం చూడక్కర్లేదు.

కాదు. ఆటోలో చెప్పను. నాకు తెలుసు. గుంటలో పడగానే బాపు కళ్లు మూసుకుంటాడు, గాలి బాగుంది అంటాడు, నేను అవును అంటాను. ఆసుపత్రిలో బెంచీ మీద మళ్లీ ఎవరో కూర్చుని ఉంటారు.

చెప్పినా నడుము వెనక్కి రాదు. మందు వల్లో సూది వల్లో ఎప్పటికీ తెలీదు కూడా. బాపు చనిపోయేదాకా, నేను కూడా చనిపోయేదాకా తెలీదు. అది నా దగ్గరే ఉంటుంది. కానీ రేపటిది ఇంకా ఎక్కించలేదు. ఎంత కలుపుతారో, ఎంతసేపు ఉంచుతారో బాపు అడగగలడు. అడిగాక చేయించుకుంటాడో మానేస్తాడో, అది బాపు ఇష్టం. నేను గంతే అంటే మాత్రం అడగడు. తెలిసి కూడా పెట్టేస్తాడు. నా మొహం కోసం.

గోళ్ల దగ్గర నీలం ఇంకా కొంచెం ఉం…

తలుపు చప్పుడు. రెండుసార్లు.

"బిడ్డా, కాయిదం తెచ్చిన. జర సదివి పెడ్తవా? నిదానంగనే."

మంచం నుంచి ఇక్కడిదాకా గోడ పట్టుకుని నడిచి వచ్చాడు. తలుపు అవతల ఊపిరి వినిపిస్తోంది.

ఈ పేజీలు రికార్డు అట్టలోకి. తెలుగులో రాసిన కాగితాలు మాత్రం బయటే ఉంచుతున్నాను. చున్నీ తీసి దండెం మీద వేద్దామనుకున్నాను. వద్దు. వేసుకునే వెళ్తాను. రాని మాట వచ్చినచోట బాపు చూడాలి.